లెక్కల మాస్టారు లైబ్రరీలో ఎందుకు ఉండిపోయారు?

ప్రతి ఏడూ ఆగస్టు 12న మన దేశంలో చాలా కాలేజీ లైబ్రరీల్లో ఒక ఫోటోకి దండ వేస్తారు. ఆ రోజు జాతీయ గ్రంథపాలకుల దినోత్సవం. ఫోటోలో ఉన్నాయన పేరు ఎస్.ఆర్. రంగనాథన్. భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు అని కింద రాసి ఉంటుంది. అంత పెద్ద బిరుదు చూడగానే మనం దండం పెట్టేసి ముందుకి వెళ్ళిపోతాం. కానీ ఆయన లైబ్రేరియన్ అవుదామని అనుకోనేలేదు. ఆయన లెక్కల మాస్టారు. లైబ్రరీ ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకే, వద్దు బాబోయ్ అని పాత ఉద్యోగానికి వెళ్ళిపోబోయారు. అలాంటి మనిషి అక్కడే ఎలా ఉండిపోయారన్నదే ఈ కథ.

రంగనాథన్ 1892లో తంజావూరు జిల్లా శియాళిలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరిని శీర్కాళి అంటున్నారు. ఆరేళ్ళ వయసులో తండ్రి పోయారు. తర్వాత తాతగారి నీడలో పెరిగారు. ఆ తాతగారు బడిపంతులు. చిన్నప్పటి నుంచీ రంగనాథన్‌కి నత్తి ఉండేది. తర్వాత పట్టుదలతో చాలావరకు దాటేశారు. క్లాసులో చెయ్యెత్తి డౌట్ అడగడానికి భయపడే పిల్లాడికి పుస్తకం ఎంత ఆసరానో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదని నాకనిపిస్తుంది. ఎన్నిసార్లు అడిగినా పుస్తకం విసుక్కోదు కదా.

1909లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరి, లెక్కల్లో బి.ఏ., ఎం.ఏ. చేశారు. అక్కడ ఆయనకి దొరికిన గురువు ఎడ్వర్డ్ రాస్ అనే లెక్కల ప్రొఫెసర్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. 1917 నుంచి మంగళూరు, కోయంబత్తూరు, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీల్లో పాఠాలు చెప్పారు. అంతా తానే బోర్డు మీద రాసేసి వెళ్ళిపోవడం కాకుండా, స్టూడెంట్స్ చేత చదివించి, ఆలోచింపజెయ్యడం ఆయనకి ఇష్టం. పని బాగానే ఉంది, జీతమే సరిపోయేది కాదు.

సరిగ్గా అప్పుడే మద్రాసు యూనివర్సిటీ తన లైబ్రరీకి మొదటి లైబ్రేరియన్ కావాలని ప్రకటన ఇచ్చింది. జీతం బాగుంది. స్నేహితులు పట్టుబట్టి అప్లికేషన్ పెట్టించారు. లైబ్రరీ పని గురించి ఆయనకేమీ తెలియదు. ఇంటర్వ్యూకి ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఆ విషయం మీద ఉన్న వ్యాసం చదువుకుని వెళ్ళారట. మనం సెమిస్టర్ ఎగ్జామ్‌కి ముందు రోజు రాత్రి చదివినట్టు! ఉద్యోగం వచ్చింది. 1924 జనవరిలో చేరారు.

చేరాక తెలిసింది అసలు సంగతి. చుట్టూ పుస్తకాలే, మనుషులు లేరు. రోజంతా కుర్రాళ్ళ మధ్య గలగలా గడిపిన మాస్టారికి ఆ నిశ్శబ్దం జైలు శిక్షలా అనిపించింది. ప్రెసిడెన్సీ కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, నన్ను వెనక్కి తీసుకోండి అని బతిమాలారు. ఆ ప్రిన్సిపాల్ తెలివైనవాడు. ఎలాగూ యూనివర్సిటీ నిన్ను లైబ్రరీ చదువు కోసం ఇంగ్లండ్ పంపిస్తోంది, వెళ్ళి రా, వచ్చాక కూడా విసుగ్గానే ఉంటే నీ సీటు నీకే ఇస్తానని ఒప్పందం పెట్టాడు.

లండన్‌లో యూనివర్సిటీ కాలేజీలో చేరాక ఆయన మనసు మారిపోయింది. కారణం క్లాసురూమ్ మాత్రమే కాదు. అక్కడ ఎన్నో లైబ్రరీలు తిరిగారు. పిల్లలు, కార్మికులు, ఆడవాళ్ళు అందరూ వచ్చి చదువుకోవడం చూశారు. లైబ్రరీ అంటే పుస్తకాల గోదాము కాదు, బడి అయిపోయాక కూడా మూతపడని ఇంకో బడి అని అప్పుడర్థమైంది. పాఠాలు చెప్పడం మానేసి వచ్చానని బాధపడిన మనిషికి, తను పాఠాల నుంచి అసలు దూరమే కాలేదని తెలిసింది.

లండన్‌లోనే సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద షాపులో ఆయన మెకానో బొమ్మల సెట్ చూశారు. అవే ఇనుప పలకలు, అవే నట్లు, బోల్టులు. వాటితోనే ఒకసారి క్రేను, ఇంకోసారి ఇంకో బొమ్మ. అక్కడ ఆయనకి ఐడియా తట్టింది. అప్పటికి బాగా వాడుకలో ఉన్న డ్యూయీ పద్ధతిలో విషయాలన్నిటికీ ముందే గళ్ళు గీసి పెట్టి ఉంటాయి. కొత్త విషయం వస్తే ఏదో ఒక గడిలో ఇరికించాలి. అలా కాకుండా విషయాన్ని ముక్కలుగా విడదీసి, కావలసినట్టు మళ్ళీ బిగించుకుంటే? వరి పంటకి వచ్చే తెగుళ్ళని ఫలానా జిల్లాలో ఫలానా కాలంలో ఎలా నివారించారు అనే పుస్తకం ఉందనుకోండి. పంట ఒక ముక్క, తెగులు ఒక ముక్క, నివారణ, చోటు, కాలం ఇంకో మూడు ముక్కలు. వీటిని కోలన్ లాంటి గుర్తులతో కలిపితే నంబరు తయారు. ఇదే కోలన్ వర్గీకరణ. తిరుగు ప్రయాణంలో ఓడలో ఉన్న లైబ్రరీ మీదే దాన్ని ప్రయోగించి చూసుకున్నారు. 1933లో పుస్తకంగా వేశారు. మన సీఎస్ఈ వాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, షాపింగ్ సైటులో రంగు, సైజు, బ్రాండు, ధర అని విడివిడిగా ఫిల్టర్లు పెట్టి వెతుకుతాం చూడండి, దాని వెనకున్న ఆలోచన ఇదే. కంప్యూటర్ రాకముందే, కాగితం మీద చేశారు.

1925లో మద్రాసు వచ్చాక మళ్ళీ కాలేజీకి వెళ్ళాలన్న మాటే ఎత్తలేదు. అల్మరాలకున్న అడ్డు తీసేసి, చదివేవాళ్ళే నేరుగా షెల్ఫుల దగ్గరికి వెళ్ళి పుస్తకం తీసుకునే ఏర్పాటు చేశారు. లైబ్రరీ తెరిచి ఉండే గంటలు పెంచారు. ఎవరైనా వచ్చి తెల్లమొహం వేసుకుని నిలబడితే, వాళ్ళకి ఏం కావాలో కనుక్కుని వెతికిపెట్టడానికే మనుషుల్ని పెట్టారు.

1928లో ఒక సాయంత్రం పాత గురువు రాస్ లైబ్రరీకి వచ్చారు. తను చేసే పనులన్నిటికీ మూలంగా నాలుగైదు సూత్రాలు దొరుకుతాయేమోనని రంగనాథన్ అప్పుడు తల బద్దలు కొట్టుకుంటున్నారు. లెక్కల మనిషి కదా, యాక్సియమ్స్ లేకుండా నిద్ర పట్టదు. శిష్యుడు చెప్పిందంతా విని, పుస్తకాలున్నది వాడటానికే అన్నది నీ మొదటి సూత్రం, మిగతావి దాన్నుంచే వస్తాయని గురువు తేల్చేశారు. అలాగే వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరులో చిదంబరంలో జరిగిన విద్యా సభలో వాటిని మొదటిసారి బయటపెట్టారు. అంటే ముందుగా విన్నది టీచర్లే. 1931లో పుస్తకం వచ్చింది.

ఆ ఐదు సూత్రాలు చూడటానికి చాలా సింపుల్. ఒక స్కూలు లైబ్రరీలో పెట్టి చూస్తేనే వాటి బలం తెలుస్తుంది. మొదటిది, పుస్తకం వాడుకలో ఉండాలి. అంటే హెడ్మాస్టర్ గదిలో తాళం వేసిన బీరువా లైబ్రరీ కాదు. పుస్తకం చిరిగితే ఎవరు కడతారన్న భయంతో టీచరే పిల్లలకి ఇవ్వకపోతే, ఆ పుస్తకం ఉన్నా లేనట్టే. రెండోది, ప్రతి మనిషికీ తన పుస్తకం దొరకాలి. నలభై మంది ఉన్న క్లాసులో టీచర్ ఒకే వేగంతో వెళ్ళగలరు. వెనకబడిన పిల్లాడికి తేలిక పుస్తకం, ముందున్న పిల్లకి కష్టమైన పుస్తకం ఇచ్చి ఆ తేడాని సర్దగలిగేది లైబ్రరీ ఒక్కటే. మూడోది, ప్రతి పుస్తకానికీ దాన్ని చదివే మనిషి దొరకాలి. అందుకే షెల్ఫులు తెరిచి ఉంచాలి. నాలుగోది, చదివేవాళ్ళ టైమ్ వేస్ట్ చెయ్యకూడదు. వచ్చే వారం టీచర్ ఏ పాఠం చెప్తారో లైబ్రేరియన్‌కి ముందే తెలిస్తే, మ్యాపులు, బొమ్మలు, కథలు తీసి సిద్ధంగా పెట్టొచ్చు. టీచర్ పని సగం తగ్గుతుంది. ఐదోది, లైబ్రరీ ప్రాణమున్న జీవిలా పెరుగుతూ ఉండాలి. పదేళ్ళుగా కొత్త పుస్తకం రాని గదిని లైబ్రరీ అనలేం.

స్కూలు, కాలేజీ లైబ్రరీల గురించి ఆయన 1942లో ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. అప్పుడూ ఇప్పుడూ సమస్య ఒకటే. చాలా స్కూళ్ళలో టైమ్‌టేబుల్ మీద లైబ్రరీ పీరియడ్ ఉంటుంది, కానీ సిలబస్ పూర్తి కాలేదని ఆ పీరియడ్‌ని లాక్కునేది ఎక్కువగా లెక్కల మాస్టారే. ఒక లెక్కల మాస్టారు తన జీవితమంతా దీనికి సరిగ్గా ఎదురు పని చేశారు.

మన తెలుగువాళ్ళకి ఆయనతో ఇంకో లింకు ఉంది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్ళ కృషితో 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది. ఊరూరా లైబ్రరీలు వెలిశాయి, కానీ అవి ఎక్కువగా చందాల మీద బతికేవి. లైబ్రరీకి చట్టం అండ ఉండాలని రంగనాథన్ ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ పోరాట ఫలితం 1948లో వచ్చిన మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి అది మనకీ వర్తించింది. 1960లో ఆంధ్రప్రదేశ్‌కి సొంత చట్టం వచ్చింది. ఇంటి పన్నుతో పాటు మన పెద్దవాళ్ళు కట్టే గ్రంథాలయ సెస్సు ఆ దారిలో వచ్చిందే.

మద్రాసు తర్వాత బనారస్ హిందూ యూనివర్సిటీకి వెళ్ళి, అక్కడి దాదాపు లక్ష పుస్తకాల్ని తానే కూర్చుని వర్గీకరించారు. తర్వాత ఢిల్లీలో పాఠాలు చెప్పారు. 1962లో బెంగళూరులో డాక్యుమెంటేషన్ పరిశోధనా కేంద్రం మొదలుపెట్టారు. జీవితమంతా కూడబెట్టిన లక్ష రూపాయలు మద్రాసు యూనివర్సిటీకి ఇచ్చేసి, భార్య శారద పేరు కలిపి లైబ్రరీ సైన్స్ ప్రొఫెసర్ పదవి ఒకటి ఏర్పాటు చేయించారు. జీతం కోసం లైబ్రరీలోకి వచ్చిన మనిషి, ఆ డబ్బుని మళ్ళీ లైబ్రరీ చదువుకే ఇచ్చి వెళ్ళారు. 1972 సెప్టెంబరు 27న కన్నుమూశారు.

కాలేజీల్లో ఇన్‌స్పెక్షన్ జరిగినప్పుడు మా దగ్గర ఇన్ని వేల వాల్యూములు, ఇన్ని టైటిల్స్ ఉన్నాయని లెక్క చూపిస్తారు. రంగనాథన్ మొదటి సూత్రం ప్రకారం అది తప్పు లెక్క. అందులో ఎన్ని పుస్తకాలు బయటికి వెళ్ళి, నలిగి తిరిగొచ్చాయన్నదే అసలు లెక్క. దాన్ని పెంచాల్సింది లైబ్రేరియన్ ఒక్కరే కాదు, మనం కూడా. ఈసారి లైబ్రరీకి వెళ్తే ఫలానా ఆథర్ పుస్తకం ఉందా అని అడిగి వచ్చెయ్యకండి. నాకు ఈ టాపిక్ అర్థం కావట్లేదండీ, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగి చూడండి. ఆ కుర్చీ అక్కడ ఉన్నది అలాంటి ప్రశ్న కోసమే.