పాశ్చర్ రెండు పుస్తకాలు

మన ల్యాబుల్లో ప్రతి ఒక్కరి దగ్గరా రెండు పుస్తకాలుంటాయి. ఒకటి అబ్జర్వేషన్ బుక్, ఇంకోటి రికార్డు. మొదటిదాంట్లో కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఎంతకీ కుదరని రీడింగులు. రెండోదాంట్లో అన్నీ బుద్ధిగా గీత మీద కూర్చున్న పాయింట్లు. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబులో గ్రాఫు అందంగా రావాలని రెండు పాయింట్లు పక్కకి జరిపినవాణ్ణి నేను కూడా. అది పెద్ద నేరం అని అప్పుడు అనిపించలేదు. ఈ మధ్య లూయీ పాశ్చర్ జీవితం చదువుతుంటే ఆ రెండు పాయింట్లు గుర్తొచ్చాయి.

పాశ్చర్ అంటే మనకి పాల ప్యాకెట్ మీది మాట, కుక్క కరిస్తే వేసే టీకా. కానీ ఆయన పేరు దేశమంతా మారుమోగేలా చేసింది ఒక గొర్రెల మంద. ఆ కథ చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళకి కూడా సగమే తెలుసు.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్స్ తూర్పున దోల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి, తోళ్ళు ఊనే పని పెట్టుకున్నాడు. తర్వాత కుటుంబం ఆర్బ్వాకి మారింది. పిల్లవాడు చదువులో మరీ మెరిసేవాడేం కాదు, బొమ్మలు మాత్రం బాగా గీసేవాడు. చివరికి పట్టుకున్నది కెమిస్ట్రీ. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. ఆయన డాక్టరు కాదు, పశువైద్యుడూ కాదు. 1848లో టార్టారిక్ ఆమ్లం స్ఫటికాలను భూతద్దం కింద ఏరి, కుడిచేతి ఎడమచేతి వాటాలుగా విడదీసిన కెమిస్టు. అక్కడి నుంచి ద్రాక్షసారా ఎందుకు పులుస్తుంది, పాలు ఎందుకు విరుగుతాయి అని వెతుక్కుంటూ సూక్ష్మజీవుల దగ్గరికి చేరాడు. 1865లో పట్టుపురుగుల తెగులు మీద పని చేయడానికి దక్షిణాన ఆలెస్ వెళ్ళాడు.

ఇంట్లో మాత్రం దెబ్బ మీద దెబ్బ. 1859లో పెద్దకూతురు టైఫాయిడ్‌తో పోయింది. 1865లో రెండేళ్ళ పాప పోయింది. మరుసటి ఏడు ఇంకో కూతురు, అదీ టైఫాయిడే. 1868లో, నలభై అయిదేళ్ళ వయసులో, ఆయనకే పక్షవాతం వచ్చి ఎడమవైపు దెబ్బతింది. కాలు ఈడుస్తూ నడిచేవాడు, ఎడమచెయ్యి సరిగా పనిచేసేది కాదు. అందుకే ఆ తర్వాత చేసిన ప్రయోగాల్లో సూది పట్టింది ఎక్కువగా శిష్యులే. ఎమీల్ రూ, షార్ల్ షాంబర్లాన్ అనే ఆ ఇద్దరి పేర్లు ముందు ముందు మనకి అవసరం.

ఇక గొర్రెల సంగతి. ఫ్రాన్స్‌లో, ముఖ్యంగా షార్త్ర్ చుట్టుపక్కల బోస్ మైదానంలో, ఆంత్రాక్స్ మందలకి మందల్నే ఊడ్చేసేది. మన దగ్గర దీన్ని దొమ్మరోగం అంటారు. పొద్దున మేతకి వెళ్ళిన గొర్రె సాయంత్రానికి తూలి పడిపోతుంది. ముక్కులోంచి, మలద్వారంలోంచి నల్లటి రక్తం కారుతుంది, అది గడ్డకట్టదు. కడుపు ఉబ్బిపోతుంది. చాలాసార్లు రైతు జబ్బు గుర్తుపట్టేలోపే ప్రాణం పోతుంది. కొన్ని పొలాల్లో మేపితే చాలు, ఏటా గొర్రెలు చచ్చేవి. అవి శాపం తగిలిన పొలాలు అని రైతులు అటు తోలడమే మానేశారు.

1876లో జర్మనీలో రాబర్ట్ కోఖ్ అనే పల్లెటూరి డాక్టరు ఈ రోగానికి కారణమైన బాసిల్లస్ పుట్టుక నుంచి స్పోర్ల దాకా మొత్తం జీవితచక్రం చూపించాడు. స్పోరు అంటే ఆ సూక్ష్మజీవి కట్టుకునే గట్టి పెంకు లాంటి రూపం. ఎండకీ చలికీ చావకుండా మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. మరుసటి ఏడాది పాశ్చర్ కూడా రంగంలోకి దిగాడు. పొలాలు తిరిగాడు, కాపరులతో మాట్లాడాడు. ఒక పొలంలో ఒకచోట మట్టి రంగు తేడాగా కనిపించింది. అడిగితే, అంతకుముందు చచ్చిన గొర్రెల్ని అక్కడే పాతిపెట్టామన్నారు. వంగి చూస్తే నేల మీదంతా వానపాములు తోసిన మట్టి ఉండలు. లోపల పాతిన కళేబరం నుంచి స్పోర్లని వానపాములు పైకి మోసుకొస్తున్నాయని ఆయన తేల్చాడు. గరుకు మేత నోట్లో గుచ్చుకుని గీసుకుంటే ఆ దారిన లోపలికి పోతాయని కూడా చూపించాడు. శాపం పొలానిది కాదు, పాతిపెట్టిన తీరుది.

కారణం తెలిసింది. మరి టీకా? అప్పటికి కోళ్ళ కలరా మీద పని చేస్తూ పాశ్చర్ ఒక దారి కనుక్కున్నాడు. సూక్ష్మజీవుల్ని చాలాకాలం గాలి తగిలేలా ఉంచితే వాటి బలం తగ్గుతుంది. అలా బలహీనపడ్డవాటిని ఎక్కిస్తే కోడి చావదు, తర్వాత అసలు రోగం వచ్చినా తట్టుకుంటుంది. ఆ కోళ్ళ కలరా సూక్ష్మజీవిని ఆయనకి ఇచ్చింది ఎవరో తెలుసా? తులూజ్ పశువైద్య పాఠశాలలో పనిచేసే ఆన్రీ తూసాన్ అనే కుర్ర ప్రొఫెసరు. పాశ్చర్ కన్నా పాతికేళ్ళు చిన్న.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. 1880 జూలైలో ఆ తూసానే గొర్రెలకి ఆంత్రాక్స్ టీకా తయారుచేశానని సైన్స్ అకాడమీకి తెలిపాడు. జబ్బుపడ్డ గొర్రె రక్తాన్ని 55 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేయడం ఒక పద్ధతి, కార్బాలిక్ ఆమ్లం కలపడం ఇంకోటి. పాశ్చర్ ఉలిక్కిపడ్డాడు. తను ఇంకా దారిలో ఉండగానే ఇంకొకడు గమ్యం దాకా వెళ్ళిపోయాడు! అయితే తూసాన్ టీకా నిలకడగా పనిచేయలేదు. తర్వాత జరిపిన పరీక్షలో టీకా వేసిన గొర్రెలే కొన్ని చచ్చాయి. పైగా వేడితో, మందుతో సూక్ష్మజీవిని చంపి టీకా చేయొచ్చన్న ఆలోచన పాశ్చర్‌కి నచ్చలేదు. బతికున్న సూక్ష్మజీవిని గాలితో, అంటే ఆక్సిజన్‌తో, నెమ్మదిగా బలహీనపరచాలన్నది ఆయన సిద్ధాంతం.

1881 ఫిబ్రవరి 28న పాశ్చర్ తన పద్ధతి ప్రకటించాడు. ఆంత్రాక్స్ సూక్ష్మజీవిని 42, 43 డిగ్రీల మధ్య పెంచితే అది స్పోర్లు కట్టలేదు. అలా గాలి తగులుతూ రోజులు గడిచేకొద్దీ దాని విషం తగ్గుతుంది. వినడానికి బాగుంది. కానీ పశువైద్యులు చాలామంది నమ్మలేదు. వాళ్ళలో రోసిన్యోల్ అనే ఆయన మెలన్ ఊరి వ్యవసాయ సంఘం తరఫున సవాలు విసిరాడు. మంద మేమిస్తాం, అందరి ముందూ చేసి చూపించండి అన్నది దాని సారాంశం. ఓడిపోతాడని ఎదురుచూసినవాళ్ళు తక్కువేం కాదు.

పాశ్చర్ ఒప్పుకున్నాడు. అదీ ఎలాంటి షరతుల మీద! టీకా వేసినవన్నీ బతుకుతాయి, వేయనివన్నీ చస్తాయి అని ముందుగానే రాసిచ్చాడు. చాలావరకు, దాదాపు అన్న మాటలే లేవు. శిష్యులకి గుండె జారిపోయింది. మనమెవరం ప్రాజెక్టు రివ్యూలో అలా రాసివ్వం కదా.

మెలన్ దగ్గర పుయీ లె ఫోర్ అనే పల్లెలో, రోసిన్యోల్ పొలంలోనే ప్రయోగం. ఇరవై నాలుగు గొర్రెలు, ఒక మేక, ఆరు పశువులకి టీకా. మరో ఇరవై నాలుగు గొర్రెలు, ఒక మేక, నాలుగు పశువులకి ఏమీ లేదు. ఇంకో పది గొర్రెల్ని పోల్చి చూడటానికి విడిగా ఉంచారు. మే 5న మొదటి టీకా, గొర్రెకి ఐదు చుక్కలు. మే 17న ఇంకొంచెం ఘాటైన రెండో టీకా. మే 31న అసలు పరీక్ష. టీకా వేసినవాటికీ, వేయనివాటికీ కలిపి బతికున్న ఆంత్రాక్స్ సూక్ష్మజీవుల్ని ఎక్కించారు. ఎవరికీ అనుమానం రాకూడదని సీసా కుదుపుతూ, ఒకదానికి టీకా వేసిన గొర్రె, తర్వాతది వేయనిది, ఇలా మార్చి మార్చి పొడిచారు.

జూన్ 1న టీకా వేసిన ఒక గొర్రెకి జ్వరం ఎక్కువగా ఉందని కబురొచ్చింది. ఆ రాత్రి పాశ్చర్‌కి కంటి మీద కునుకు లేదు. పరువంతా ఒక గొర్రె ఒంటి వేడి మీద వేలాడుతోంది. తెల్లారాక టెలిగ్రాం వచ్చింది. జూన్ 2 మధ్యాహ్నం రెండు గంటలకి ఆయన పొలం చేరేసరికి రెండువందల మందికి పైగా జనం. రైతులు, పశువైద్యులు, అధికారులు, లండన్ టైమ్స్ విలేకరి కూడా. టీకా వేయని ఇరవై ఒక్క గొర్రెలూ, మేకా వరసగా చచ్చి పడి ఉన్నాయి. ఇంకో రెండు అందరూ చూస్తుండగానే కూలాయి. మిగిలిన ఒక్కటీ పొద్దుగూకేలోగా పోయింది. టీకా వేసినవి పక్కనే మేస్తున్నాయి. తర్వాత వాటిలో ఒక చూడి గొర్రె చనిపోయింది కానీ, కడుపులో పిల్ల ముందే చచ్చిపోవడం వల్ల అని కోసి చూసి తేల్చారు.

ఆ రోజు నుంచి పాశ్చర్ ఫ్రాన్స్‌కి దేవుడైపోయాడు. ఆ ఆగస్టులో లండన్ సభలో, ఆవు మశూచితో మొదలుపెట్టిన జెన్నర్ గౌరవార్థం ఇలాంటి మందులన్నిటికీ వాక్సిన్ అన్న పేరే వాడదామని ప్రతిపాదించాడు. మనం ఈరోజు వాడే మాట అలా స్థిరపడింది. పన్నెండేళ్ళలో ఫ్రాన్స్‌లో ముప్పై లక్షలకి పైగా గొర్రెలకి టీకా పడింది. అంతకుముందు మందల్లో నూటికి పది దాకా పోయేవి, ఆ లెక్క నూటికి ఒకటికి దిగింది. 1885లో రేబిస్ టీకా, 1888లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్. 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు.

మనం స్కూల్లో చదివిన కథ ఇక్కడ అయిపోతుంది. రెండో సగం ఆయన నోటు పుస్తకాల్లో ఉంది.

తన ల్యాబు నోటు పుస్తకాలు ఎవరికీ చూపించొద్దని పాశ్చర్ 1878లోనే ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచాడు. వాళ్ళు దాదాపు తొంభై ఏళ్ళు ఆ మాట నిలబెట్టారు. 1964లో మనవడు వాటిని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానికి ఇచ్చాడు. తెరిచి చూస్తే పుయీ లె ఫోర్ గొర్రెలకి వేసింది ఫిబ్రవరిలో గొప్పగా చెప్పిన ఆక్సిజన్ టీకా కాదు. శిష్యుడు షాంబర్లాన్ పొటాషియం డైక్రోమేట్ కలిపి తయారుచేసిన టీకా. మన కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్‌కి వాడే ఆ నారింజ రంగు మందే. ఆక్సిజన్ టీకా అప్పటికి నమ్మకంగా కుదరలేదు, సవాలు తేదీ ముంచుకొచ్చింది, చేతిలో పనిచేసేది అదొక్కటే ఉంది. రసాయనంతో సూక్ష్మజీవిని లొంగదీయడం అంటే ఎవరి దారి? తూసాన్ కార్బాలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం. పాశ్చర్ ఆ సంగతి చెప్పలేదు. ప్రకటించిన పద్ధతే గెలిచిందని లోకం అనుకుంటుంటే అనుకోనిచ్చాడు. మేనల్లుడు ఆద్రియాన్ లువార్ 1938లో తన జ్ఞాపకాల్లో ఈ విషయం బయటపెట్టాడు గానీ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1995లో గెరాల్డ్ గైసన్ అనే చరిత్రకారుడు నోటు పుస్తకాలు పేజీ పేజీ చదివి పుస్తకం రాశాకే పెద్ద దుమారం లేచింది.

పాశ్చర్ పక్షాన మాట్లాడినవాళ్ళూ ఉన్నారు. గొర్రెలు బతికాయా లేదా, అదీ వాళ్ళ ప్రశ్న. నిజమే, బతికాయి. గొర్రెల మరణాల్లో అంకెలు మార్చలేదు, ఒక్క గొర్రెని కూడా దాచలేదు. ఆయన దాచింది ఒక్కటే, ఏ సీసాలోంచి తీశామన్నది.

కానీ ఆ ఒక్కదానికి ఒకరు మూల్యం చెల్లించారు. తన దారి తప్పుదారి అన్న మాట మోస్తూ తూసాన్ పక్కకి తప్పుకున్నాడు. నరాల జబ్బు పట్టి పని చేయలేకపోయాడు. 1890లో, నలభై మూడేళ్ళకే చనిపోయాడు. గొర్రెల టీకా అంటే ఆయన పేరు చెప్పేవాళ్ళు ఈరోజు ఎంతమంది?

గొర్రెలు, మేకలు ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మన క్యాంపస్‌లోనే ఉన్నారు. దొమ్మరోగం ఇప్పటికీ మన ఊళ్ళ నుంచి పోలేదు. ఈరోజు మందలకి వేసేది దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ 1930లలో తయారుచేసిన స్పోర్ టీకా. రోగం వచ్చే ప్రాంతాల్లో దాన్ని ఏటా వేయించాలి. ఉన్నట్టుండి గొర్రె చచ్చి రక్తం కారుతుంటే దాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచుకోకూడదు. పశువుల డాక్టరుకి కబురు పెట్టి, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. పాశ్చర్ పొలాల్లో వంగి చూసి నేర్చుకున్నదాని విలువ అక్కడ తెలుస్తుంది. ఆయన్ని తక్కువ చేయడానికి ఇదంతా రాయలేదు.

రెండో పుస్తకం ఎప్పటికైనా ఎవరో ఒకరు తెరుస్తారు. పాశ్చర్ విషయంలో అది వందేళ్ళు పట్టింది, అప్పటికి తూసాన్‌కి ఎవరూ ఏమీ తిరిగి ఇవ్వలేరు. ఈ సెమిస్టర్ నా అబ్జర్వేషన్ బుక్‌లో ఒక రీడింగు కుదరలేదు. రికార్డులో కూడా అలాగే రాశాను, పక్కన ఎందుకు కుదరలేదో ఒక లైను కూడా. సర్ ఒక మార్కు తీసేశారు. పోనీలెండి.