చెరకు లెక్క తెలిసిన జానకి అమ్మాళ్

సంక్రాంతి సంబరాల్లో చెరకు ముక్కలు పంచినప్పుడు మా బడి చిన్నవాడొకడు, ఇందులో పంచదార ఎవరు పోశారని అడిగాడు. అందరం నవ్వాం. తీరా జవాబు వెతకబోతే అది మనం ఉంటున్న ఈ మిషిగన్ దాకా వచ్చింది!

జానకి అమ్మాళ్ గారు 1897లో కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. పెద్ద కుటుంబం, నాన్నగారు సబ్‌జడ్జి. మద్రాసులో వృక్షశాస్త్రం చదివి, అక్కడే ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పారు. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తుండగా మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి స్కాలర్‌షిప్ వచ్చింది. ఆవిడ చదువునే ఎంచుకున్నారు. తర్వాతా పెళ్లి చేసుకోలేదు.

1924లో వచ్చినప్పుడు ఎల్లిస్ దీవిలో అధికారులు ఆపారట. పట్టుబట్టలూ పొడవాటి జుట్టూ చూసి, మీరు రాకుమారా అని అడిగితే, ఆవిడ కాదనలేదట! ఆన్ ఆర్బర్‌లో మార్తా కుక్ హాస్టల్లో ఉండి 1931లో డాక్టరేటు పొందారు. మనవాళ్లకు నచ్చే కబురు ఒకటుంది: ఆవిడ పేరుతో ఒక సంకర వంగ రకం కూడా ఉంది.

ఇక చెరకు సంగతి. పిల్లలూ, గోదావరి లంకల్లో తెల్లటి కుచ్చులతో పూసే రెల్లు గడ్డి చూశారా? చూడకపోతే ఈసారి ఊరెళ్లినప్పుడు తాతయ్యను అడగండి. అది చెరకుకు దగ్గరి చుట్టం. లావుపాటి చెరకు తియ్యగా ఉంటుంది గానీ తెగుళ్లకు తట్టుకోలేదు. రెల్లులో తీపి తక్కువ, మొండితనం ఎక్కువ. 1912లో కోయంబత్తూరులో మొదలైన చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్, వెంకటరామన్ గార్లు ఈ రెండింటినీ కలిపి కొత్త రకాలు పుట్టించారు. మన చెరకుకు తీపి తెచ్చింది జానకి గారొక్కరే అని కొందరు రాస్తారు. అది నిజం కాదు.

ఆవిడ 1934లో అక్కడ చేరి చేసిన పని వేరు. మొక్క కణంలో సన్నటి దారాల్లాంటి క్రోమోజోములు ఉంటాయి. మనిషికి 46. లావు చెరకుకు 80. రెల్లుకైతే ఒక్కోచోట ఒక్కో లెక్క, 40 నుంచి 128 దాకా! సూక్ష్మదర్శినిలో ఇలాంటివి లెక్కపెడితేనే దేన్ని దేనితో కలిపితే ఏమొస్తుందో తెలిసేది. ఆవిడ చెరకును మొక్కజొన్నతో కూడా సంకరం చేశారు. ఆడమనిషి కావడం, కులం, రెండూ అక్కడ అడ్డమయ్యాయని ఆవిడ జీవితం పరిశీలించినవారు రాశారు.

1939లో ఎడిన్‌బరో సమావేశానికి వెళ్తే యుద్ధం మొదలైంది. ఇంగ్లండులోనే ఉండిపోయి, లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లోనూ జాన్ ఇన్నెస్ సంస్థలో పనిచేశారు. డార్లింగ్‌టన్‌తో కలిసి వేలాది సాగు మొక్కల క్రోమోజోముల లెక్కలను 1945లో పుస్తకంగా తెచ్చారు. తర్వాత విస్లీ తోటలో మాగ్నోలియాల మీద పరిశోధించారు. ఒక తెల్లటి మాగ్నోలియాకు ఆవిడ పేరే పెట్టారు.

1951లో నెహ్రూ గారు పిలిస్తే, భారత వృక్ష సర్వేక్షణ సంస్థను చక్కదిద్దడానికి ఇండియా తిరిగి వెళ్లారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఎనభై ఏళ్లు దాటాక కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని డ్యామ్‌లో మునగనివ్వకూడదని పోరాడినవారిలో నిలిచారు. 1984 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ నవంబరులోనే ఆ అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.