సర్ ఆర్థర్ కాటన్: పొలానికి నీళ్లు, పడవకు దారి.. ఒకే కాలువతో రెండు పనులు!

గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్లలో కాటన్ విగ్రహం కనిపిస్తుంది. పొలాలకు నీళ్లిచ్చిన దొరగా ఆయన అందరికీ తెలుసు. కానీ ఆయన కాలువలు పంట కోసమే కాదు.. రవాణా కోసం కూడా!

1803 మే 15న ఇంగ్లండ్‌లో పుట్టిన ఆర్థర్ కాటన్ 1821లో మద్రాసు వచ్చారు. కావేరి పనుల్లో అనుభవం సంపాదించి గోదావరికి చేరారు. 1833 కరువు, 1839 తుపాను దెబ్బకు అప్పటికే డెల్టా కుదేలైంది. పక్కనే నిండు గోదావరి ఉన్నా, నీళ్లన్నీ సముద్రం పాలయ్యేవి.

1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. 1852కల్లా పూర్తయింది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట కూడా వచ్చింది. కాలువలకు లాకులు కట్టి పడవలు నడిపారు. గట్టు మీద మనుషులు తాళ్లతో లాగితే సరుకు కదిలేది. కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువలు కలిశాక కాకినాడ నుంచి మద్రాసు దాకా జలమార్గం ఏర్పడింది.

రైళ్ల కంటే ముందు కాలువలకే డబ్బు పెట్టాలన్నది కాటన్ వాదన. ఎందుకంటే రైలు ధాన్యాన్ని మోస్తుంది, పండించదు. కాలువైతే రెండూ చేస్తుంది. 1876-78 నాటి ధాత కరువు దీన్నే చూపించింది. రైళ్లున్నా మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది ఆకలితో చనిపోయారు. 1878లో, 75 ఏళ్ల వయసులో, కాటన్ బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడ్డారు. ప్రభుత్వం మాత్రం రైళ్ల వైపే మొగ్గింది.

ఆయన లెక్క అన్నిచోట్లా ఫలించలేదు. పడవలు కూడా తిరగాలని తవ్విన కర్నూలు-కడప కాలువ కంపెనీకి నష్టాలే మిగిల్చింది. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది.

1899 జులై 24న, 96 ఏళ్ల వయసులో కాటన్ కన్నుమూశారు.

ఆ తర్వాత లారీలొచ్చాయి, కాలువలు పూడాయి, పడవలు ఆగాయి. 2008లో కేంద్రం కాకినాడ-పుదుచ్చేరి కాలువలను జాతీయ జలమార్గం-4లో చేర్చింది. అయితే అసలు చిక్కు నీళ్లే. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. వానలు గతి తప్పిన ఏడాది ముందు తాగునీరు, తర్వాత పంట.. పడవ వంతు చివరికే.

పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. ఇప్పుడు దాని మీదుగా బస్సులు తిరుగుతున్నాయి.