ఇరువది యేండ్లు నిండని ఇంద్రలాల్ రాయ్



మన కర్నూలు, కడప సీమల సంఘములలో కుమారులను సైన్యమునకు పంపిన తల్లులు కలరు. వారిని తలంచుకొని, యుద్ధములో మరణించిన ఒక విమానికుని జీవితమును మేమీ నెల వ్రాయుచున్నాము.

ఇంద్రలాల్ రాయ్ 1898 డిశెంబరు 2న కలకత్తాలో జన్మించెను. తల్లి పేరు లలితా రాయ్. కుటుంబము లండనులో నివసించుచుండగా అతడు అక్కడి సెయింట్ పాల్స్ పాఠశాలలో చదువుకొనెను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము ప్రారంభమైనప్పుడు అతడింకను బడిపిల్లవాడే. తరువాత విమానదళములో చేరబోగా, కంటిచూపు చాలదని త్రోసివేసిరి. అతడు తన మోటారు సైకిలు అమ్మి, ఆ సొమ్ముతో పేరుపొందిన కంటివైద్యునికి చూపించుకొని, ఆ తీర్పును మార్పించుకొనెను. 1917 జూలైలో అధికారిగా నియమింపబడెను.

ఆ సంవత్సరమే డిశెంబరులో అతని విమానము కూలి, గాయపడెను. కోలుకొని 1918 జూన్‌లో మరల ఫ్రాన్సు యుద్ధరంగమునకు వెళ్లెను. అక్కడ 40వ స్క్వాడ్రన్‌లో, జూలై 6 మొదలు 19 వరకు 10 విజయములు అతని పేరిట లెక్కించిరి. జూలై 22న కార్విన్ ఊరికి పైన జర్మను విమానములతో పోరాడుచు కూలి మరణించెను. ఎస్తెవెల్ గ్రామ శ్మశానములో అతని సమాధి యున్నది. మరణించిన పిమ్మట డి.ఎఫ్.సి. అను శౌర్యపతకము ఇయ్యబడెను. దానిని పొందిన మొదటి భారతీయుడు అతడే. 1998లో, అతడు పుట్టి నూరేండ్లయినందున, మన తపాలా శాఖ అతని స్మారకముగా బిళ్ల విడుదల చేసెను.

2 సమూయేలు 18వ అధ్యాయము తీసి చదువుడి. దావీదు గుమ్మముల నడుమ కూర్చుండి యుండగా జయవార్త వచ్చెను. అతడు జయమునుగూర్చి విచారింపక, అబ్షాలోము క్షేమముగా నున్నాడా యని అడిగెను. తనమీద కత్తి యెత్తిన కుమారుని కొరకే ఆ తండ్రి యేడ్చెను.

1918లో లలితమ్మ యింట అట్టి యేడుపే వినబడి యుండును. ఇంద్రలాల్ కూల్చిన విమానములలోని జర్మను యువకులకును తల్లులుండిరి. పది విజయములని మనము లెక్కించునప్పుడు ఆ యిండ్లను మరువరాదు.

అతని ధైర్యమును మెచ్చుకొందము. అయితే మన కూడికలలో సైనికుల కొరకు ప్రార్థించునప్పుడు, సరిహద్దు కావలనున్న తల్లులను కూడ దేవుని సన్నిధిని జ్ఞాపకము చేసికొందము.