డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు

రాయలసీమలో జన్మించి భారతదేశపు ఉన్నత పాఠశాలలకు క్రొత్త త్రోవ చూపినవారిలో డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారు ప్రముఖులు. వారు 1887 అక్టోబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. వారి కవల సోదరులు రామస్వామి మొదలియారుగారు న్యాయవాదిగను, రాజనీతిజ్ఞులుగను ఖ్యాతి గాంచిరి. సోదరులిరువురును కర్నూలులో చదివి, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి.

లక్ష్మణస్వామిగారు వైద్యవిద్య నభ్యసించి, ప్రసూతి వైద్యమున నిపుణులైరి. 1939లో మద్రాసు వైద్య కళాశాలకు అధ్యక్షులైరి. 1942 మొదలు 1969 వఱకు, ఇరువదియేడేండ్లు, మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. వైద్యము గ్రంథము చదివినంతమాత్రమున పట్టువడునది కాదు. రోగి చెంత నిలిచి, చేతితో చేసి నేర్వవలసినది. అట్టి విద్యలో తలపండినవారికే దేశపు బడిచదువును పరీక్షించు పని లభించెను.

1952 సెప్టెంబరులో భారత ప్రభుత్వము మాధ్యమిక విద్యా సంఘమును నియమించి, వారిని అధ్యక్షులను చేసెను. ఆనాటి ఉన్నత పాఠశాల కళాశాల ప్రవేశమునకు మెట్టుగా మాత్రమే యుండెను. రైతుబిడ్డ యేండ్లతరబడి చదివి పరీక్ష తప్పినచో, అటు ఉద్యోగమునకును ఇటు మడకకును కొఱగాకపోవుచుండెను. 1953 ఆగస్టులో, ఆంధ్రరాష్ట్రావతరణమునకు కొలదిదినములు ముందుగా, సంఘము తన నివేదికను సమర్పించెను. ప్రతి విద్యార్థియు ఒక చేతిపని నేర్వవలెననియు, సాంకేతిక, వాణిజ్య, వ్యవసాయాది శాఖలుగల బహుళార్థసాధక పాఠశాలలు నెలకొల్పవలెననియు, గ్రామీణ పాఠశాలలలో వ్యవసాయము, తోటపెంపకము, పశుపోషణ నేర్పవలెననియు అందు సూచింపబడెను.

అనంతపురము వంటి సీమకు ఈ సూచనల విలువ యెంతయో గలదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టభూములలో, నీటి యొక్క ప్రతి బొట్టును లెక్కింపవలసినదే. చెరువుకట్టపై నిలిచి నీటి పరిమాణమును గణించిన బాలునకు గణితము బోధపడును. వాలును కొలిచి గట్టు వేసిన బాలునకు భూగోళము బోధపడును. వేరుసెనగ మొక్కను పెఱికి వేరుబుడిపెలను చూచిన బాలికకు సస్యశాస్త్రము బోధపడును.

సంఘము సూచనల ననుసరించి బహుళార్థసాధక పాఠశాలలు దేశమున వెలసెను. కాని శిక్షణ పొందిన ఉపాధ్యాయులును, పరికరములును చాలినంత లేకపోయెను. పరీక్షల పట్టును సడలలేదు. క్రమముగా ఆ పాఠశాలలు క్షీణించెను. అయినను ఆ తలంపు నశింపలేదు. 1964-66 నాటి కొఠారీ సంఘము దానినే పనియనుభవమను పేర మరల సూచించెను.

గ్రంథాలయముల విషయమునను ఆ నివేదిక శ్రద్ధ వహించెను. ప్రజాగ్రంథాలయములేని చోట పాఠశాల గ్రంథాలయమే ఊరివారికి ఉపయోగపడవలెననియు, ప్రజాగ్రంథాలయములలో బాలబాలికలకు ప్రత్యేక విభాగముండవలెననియు సూచించెను. పుస్తకమున చదివినది పొలమున పరీక్షించి, పొలమున పుట్టిన సందేహమునకు మరల పుస్తకము తెఱచు పిల్లలకు ఇట్టి విభాగము మిక్కిలి అవసరము.

లక్ష్మణస్వామిగారు 1974 ఏప్రిల్ 15న దివంగతులైరి. పాఠశాలకొక తోట, గ్రంథాలయమున పిల్లలకొక అర యేర్పఱచుట ఏ గ్రామమునకును అసాధ్యము కాదు. ఆ మహనీయునకు అంతకు మించిన స్మారకమును లేదు.