ఆరోగ్యవిద్యాగురువు ఫ్లారెన్సు నైటింగేలు



రోగికి మందిచ్చుటయే వైద్యమని లోకులు తలంతురు. చరకాచార్యుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పి, వైద్యుడు, ఔషధము, రోగి యను వాని సరసనే ఉపచారకుని గూడ నిలిపెను. ఈ నాలుగు పాదములును చక్కగా నున్నను, రోగి పండుకొనిన యింటిక్రింద మురుగు నిలిచియుండిన నేమగును? ఈ ప్రశ్నకు పందొమ్మిదవ శతాబ్దమున నొక యాంగ్లేయ వనిత మిక్కిలి దుఃఖముతో సమాధానము తెలిసికొనెను. తెలిసికొనినదానిని పరులకు బోధించుటకే తన శేషజీవితమును ధారవోసెను. మన బాలబాలికలు వైద్యవిద్యకును ఉపచారవిద్యకును పోవుచున్న యీ దినములలో నామె చరిత్రము అప్రస్తుతము గాదని తలంచి సంగ్రహముగా విన్నవించుచున్నాము.

ఫ్లారెన్సు నైటింగేలు 1820 సం. మే 12వ తేదీన ఇటలీదేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే యామెకు పెట్టిరి. తల్లిదండ్రులు భాగ్యవంతులగు నాంగ్లేయులు. తండ్రి స్వయముగా నామెకు గ్రీకు, లాటిను భాషలను నేర్పెను. గణితమునం దామెకు మక్కువ మెండు. రోగులకు ఉపచారము చేయుటయే తన వృత్తియని యామె నిశ్చయించుకొనగా నింటివారు సమ్మతింపరైరి. ఏలయన, ఆ కాలమున ఆసుపత్రులలో రోగులను కనిపెట్టు స్త్రీలకు తగిన శిక్షణమును లేదు, సంఘమున మర్యాదయును లేదు. ఏండ్లతరబడి యోర్చి, తుదకు 1851లో జర్మనీదేశపు కైజర్సువెర్తు సేవాసంస్థలో నించుమించు మూడు మాసములు శిక్షణ పొందెను. 1853లో లండనునం దొక చిన్న వైద్యశాలకు పర్యవేక్షకురాలయ్యెను.

అంతలో రష్యాతో క్రిమియాయుద్ధము వచ్చెను. 1854 నవంబరులో నామె 38 మంది ఉపచారికలతో టర్కీదేశమందలి స్కుటారి సైనికవైద్యశాలను జేరెను. అచట పక్కబట్టలు లేవు. మార్చుకొన దుస్తులు లేవు. రోగికి తగిన పథ్యము లేదు. ఆమె వంటశాలలను, చాకిరేవును ఏర్పఱచెను. రాత్రులు దీపము చేతబట్టి రోగులను పరామర్శించెను. ఆ దీపము లోకప్రసిద్ధము. కాని దీపము వెలుగుచుండగనే మరణములు పెరిగెను. 1855 ఫిబ్రవరిలో నచట చేరినవారిలో నూటికి 42 మంది చనిపోయిరి. మార్చిలో ఇంగ్లండునుండి పారిశుద్ధ్యసంఘమువారు వచ్చి చూడగా, కట్టడము క్రింద మురుగు నిండియుండెను; నీరు వచ్చు త్రోవలో గుఱ్ఱపు కళేబరము కుళ్లుచుండెను. వారు మురుగుకాలువలను కడిగించి, గోడలకు సున్నము కొట్టించి, గాలి యాడునట్లు చేసిరి. జూనునాటికి మరణములు నూటికి రెంటికి దిగెను.

1856లో స్వదేశమునకు మరలిన యామెను ప్రజలు దేవతవలె కొనియాడిరి. ఇంకొకరైన నా కీర్తితో తృప్తి నొందియుందురు. ఆమె యట్లు చేయలేదు. గణాంకశాస్త్రజ్ఞుడగు విలియము ఫారుతో గూర్చుండి చనిపోయినవారి లెక్కలు తీసెను. ఆహారవస్త్రముల కొఱతయే మరణములకు ముఖ్యకారణమని యామె మొదట తలంచియుండెను. లెక్కలు వేఱుగా చెప్పెను. గాయములచే చచ్చినవారు కొందఱే. నివారింపదగిన రోగములచే చచ్చినవారే పెక్కండ్రు. తాను రాత్రింబవళ్లు సేవచేసిన యింటియందలి కల్మషమే యిందఱిని చంపెనని తెలియుట యెంతటి హృదయశల్యము! అయినను దాచక, ఏలికలకు తెలియునట్లు రంగులచక్రముల పటములుగా వ్రాసి ప్రకటించెను. 1858లో లండను గణాంకసంఘము తొలిసారిగా నొక స్త్రీని, అనగా నామెను, సభ్యురాలిగా గైకొనెను.

ఇక బోధనము. వైద్యునకు చికిత్స మాత్రమే నేర్పిన చాలదు, రోగము రాకుండ జేయు విద్యయు నేర్పవలెనని యామె పట్టుబట్టెను. దాని ఫలముగా 1860లో చాతాములో సైనికవైద్యపాఠశాల వెలసెను. అందు ఆరోగ్యశాస్త్రమునకు ప్రత్యేకముగ నాచార్యపీఠ మేర్పడి, ఎడ్మండు పార్క్సు దాని నలంకరించెను. ఆ సంవత్సరమే ప్రజలిచ్చిన నిధితో లండను సెయింటు తామసు వైద్యశాలలో ఉపచారికల పాఠశాల తెఱవబడెను. ఒక సంవత్సరము శిక్షణము. గాలి, వెలుతురు, నీరు, మురుగుపారుదల, శుభ్రత యనునవి యామె బోధనకు మూలములు. వీనితోపాటు నిర్వహణమును గూడ విద్యగా నెంచెను. తా నున్నప్పుడు జరుగు పని తాను లేనప్పుడును జరుగునట్లు అమర్చుటయే యధికారిణి నేర్పని యామె మతము. సూక్ష్మక్రిములే రోగకారణములను సిద్ధాంతము నామె చాలకాలము నమ్మలేదు. అది లోపమే. అయినను శుభ్రతయెడ నామె పట్టుదల క్రిములను గూడ నశింపజేసెను.

ఆమె భారతభూమిని చూచి యెఱుగదు. రోగపీడితయై గదిని వీడలేకయే మన దేశపు దండులనుండి వచ్చిన నివేదికలను చదివెను. 1863లో ప్రకటితమైన విచారణసంఘ నివేదిక, ఇచటి తెల్లసైనికులలో ఏటేట వేయింటికి 69 మంది చచ్చుచుండిరని తెలిపెను. 1873 నాటి కది 18కి తగ్గినదని యామె వ్రాసెను. దండు బాగుపడవలెనన్న చుట్టునున్న ఊరు బాగుపడవలెనని గ్రహించి, తరువాత రైతుల క్షేమమునకై వాదించెను. 1852లో ధవళేశ్వరపు ఆనకట్టను ముగించి మన గోదావరీమండలమును సస్యశ్యామల మొనర్చిన ఆర్థరు కాటనుతో నుత్తరప్రత్యుత్తరములు జరిపి, కఱవు నివారణకు కాలువలు త్రవ్వవలెనని యాయన పక్షమున నిలిచెను.

డెబ్బదేండ్లు దాటిన వయసునను బోధన మానలేదు. 1892లో ఇంగ్లండునందలి బకింగుహాముమండలమున గొందఱు స్త్రీలకు ఆరోగ్యవిద్య గఱపి, పల్లెలకు పంపి, తల్లులకు వారి యిండ్లలోనే చెప్పించు నేర్పాటు చేయించెను. 1894లో భారతగ్రామముల పారిశుద్ధ్యమును గూర్చి యొక వ్యాసము వ్రాసెను. ఉపన్యాసమువలన మాత్రమే పని జరుగదు, ఇంటికి పోయి చూపి చేయింపవలెనని యామె యనుభవము.

ఇది చదివినప్పుడు మాకు సిగ్గయినది. మేము ఉపాధ్యాయవృత్తి నుండినప్పుడు ఆరోగ్యపాఠమును పిల్లలచే వల్లె వేయించి, మంచి మార్కులు వచ్చెనని సంతసించితిమి. ఆ బడి వెనుకనే దోమలగుంట యుండెను. దానిని పూడ్పింపవలెనను తలంపు మాకు పెక్కేండ్లు తోచలేదు!

1907లో రాజు ఆర్డరు ఆఫ్ మెరిటు బిరుద మిచ్చెను. ఆ గౌరవమును పొందిన స్త్రీలలో నామెయే ప్రథమ. 1910 ఆగష్టు 13న పరమపదించెను. వెస్టుమినిస్టరు ఆలయమున సమాధి చేయుదుమని చెప్పినను బంధువు లొల్లక, ఈస్టువెల్లో గ్రామమున నిరాడంబరముగా ఖననము చేసిరి. ఆమె జన్మదినమగు మే 12ను నేడు లోకమంతయు ఉపచారికల దినముగా నాచరించుచున్నది.

మన విద్యార్థులకు వేతనములొసగు దాతలకు మా విన్నప మొకటి కలదు. ఆ పిల్లలు సెలవులలో స్వగ్రామమునకు వచ్చినప్పుడు, ఊరి నీటిని, మురుగును, జననమరణముల లెక్కలను చూచి వ్రాసి తెమ్మని యడుగుడు. మందు నేర్చినవారు పెక్కండ్రు కలరు. ఊరిని చదువ నేర్చినవారు మనకు కావలయును.