టొలేడో వీథులలో ఎల్ గ్రెకో

మూడు వైపుల టాగస్ నది లోతైన లోయను కోసుకొని ప్రవహించగా, నడుమ రాతిగుట్టపై నిలిచిన నగరం టొలేడో. మాడ్రిడ్‌కు దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరాన ఉన్నది. వీథులు ఇరుకైనవి; ఎక్కుడు, దిగుడు, మలుపు తప్ప తిన్నని బాట అరుదు. ఈ నగరాన్ని నడచి చూచినవానికే చూచినట్లు. ఉదయం అల్కాంతరా వంతెన దాటి పైకెక్కి, సాయంకాలానికి ఉత్తరాన బిసాగ్రా ద్వారం వెలుపలికి వచ్చే పాదచారి, తెలిసో తెలియకో, ఒక చిత్రకారుని జీవితాన్ని అడుగడుగునా దర్శిస్తాడు.

ఆ చిత్రకారుడు ఈ ఊరివాడు కాడు, ఈ దేశంవాడూ కాడు. పేరు దొమేనికోస్ థియోటొకోపులోస్. నోరు తిరగని ఆ పేరును విడిచి లోకం అతనిని ఎల్ గ్రెకో, అనగా గ్రీకువాడు, అని పిలిచింది. 1541లో, నాడు వెనిస్ ఏలుబడిలోనున్న క్రీటు ద్వీపంలో జన్మించి, మొదట గ్రీకు సంప్రదాయంలో దేవతామూర్తులు చిత్రించినాడు. పిమ్మట వెనిస్, రోము నగరాలలో విద్యకు మెరుగులు దిద్దుకొని 1577 నాటికి టొలేడో చేరినాడు. రాజధాని 1561లోనే మాడ్రిడ్‌కు తరలిపోయింది. అయినను మత పీఠంగా, విద్వన్నిలయంగా టొలేడో ప్రాభవం తగ్గలేదు.

1226లో నిర్మాణం ఆరంభమైన ప్రధాన దేవాలయంలో, అర్చకులు వస్త్రాలు ధరించే గదిలో ఒక చిత్రం ఉన్నది. శిలువ వేయుటకు ముందు క్రీస్తు వస్త్రాలను ఊడదీసే ఘట్టమది. నడుమ నిప్పు వంటి ఎర్రని అంగీ. చుట్టూ ముసరుకొన్న మూక. 1579లో ఇది పూర్తి కాగానే తగాదా వచ్చింది. మూకలోని తలలు క్రీస్తు తలకంటె పైన ఉండుట అపచారమనీ, ముగ్గురు మేరీలు ఆ చోట ఉండరాదనీ దేవాలయ పక్షంవారు ఆక్షేపించినారు. చిత్రకారుని పక్షాన మదింపు 900 డకట్లు. చివరకు దక్కినది అందులో సుమారు మూడవ వంతు. కాని చిత్రంలో తలలు దిగలేదు, మేరీలు కదలలేదు. నేటికీ అక్కడనే ఉన్నారు. ఓడిన దెవరో పాఠకులే నిర్ణయించవచ్చును.

అతని ఆశ నిజానికి రాజాస్థానంపై ఉండెను. రెండవ ఫిలిప్ రాజు ఎస్కోరియల్ కొరకు చేయించిన సెయింట్ మారిస్ చిత్రం 1582లో అందినది. రాజు సొమ్మిచ్చినాడు గాని, చిత్రాన్ని ఉద్దేశించిన పీఠంపై నిలుపలేదు. ఆ తలుపు మూతపడినందుననే టొలేడోకు అతడు దక్కినాడు.

అక్కడినుండి పశ్చిమంగా నడచిన శాంతో తోమే చర్చి. ఓర్గాస్ ప్రభువు గొన్సాలో రూయిస్ 1323లో మరణించగా, ఇద్దరు పరిశుద్ధులు దిగివచ్చి స్వహస్తాలతో ఖననం చేసిరని ఐతిహ్యం. ఆయన శాసించిన వార్షిక కానుకలను, గొఱ్ఱెలు, కోళ్లు, ద్రాక్షసారాయి, వంటచెరకు మొదలైనవానిని, ఓర్గాస్ గ్రామస్థులు ఎగవేయగా, చర్చి అధికారి వ్యాజ్యమాడి 1569లో గెలిచినాడు. ఆ విజయం మరుగున పడకుండుటకే 1586లో ఈ చిత్రం చేయించినాడు. పదహారు అడుగుల ఎత్తు, పండ్రెండు అడుగుల వెడల్పు. ముందున్న బాలుడు చిత్రకారుని కొడుకు హోర్హే మాన్యుయేల్. అతని జేబురుమాలుపై గ్రీకులిపిలో తండ్రి సంతకం, 1578 అనే జన్మసంవత్సరం కనిపిస్తాయి. మళ్లీ వెల తగాదా! మదింపుదారులు 1200 డకట్లన్నారు; చర్చివారు ఒప్పక మరల మదింపు కోరగా, రెండవసారి వచ్చినవారు 1600 అన్నారు. తుదకు 1200కే తీరినది.

ఎల్ గ్రెకో మూర్తులు పొడవుగా సాగియుండుట దృష్టిదోషమని కొందరు వైద్యులు ఒకప్పుడు వాదించినారు. ఈ చిత్రం ముందు నిలిచిన విద్యార్థికి ఆ వాదం నిలువదు. దిగువ భూమిపైనున్న పెద్దమనుష్యులు సహజ ప్రమాణంలోనే ఉన్నారు. పైన స్వర్గంలోనివారే జ్వాలలవలె సాగినారు. కంటికి రోగమైతే భూమికి, స్వర్గానికి భేదమెంచునా?

దాపుననే పూర్వపు యూదుల పేట. అక్కడి విలేనా ప్రభువు భవనంలో అద్దెకుండి, హెరోనిమా దె లాస్ క్వేవాస్ అనే స్త్రీతో కాపురముండెను. వివాహమైన దాఖలా లేదు. ఆ భవనం నేడు లేదు. సమీపాన 1911లో వెలసిన ప్రదర్శనశాలలో అతడు చిత్రించిన టొలేడో దృశ్యమొకటి ఉన్నది. తవేరా వైద్యాలయం బిసాగ్రా ద్వారాన్ని మరుగుపరుస్తుందని దానిని మేఘంపై కూర్చుండబెట్టి, ఆ కారణాన్ని చిత్రంలోనే వ్రాసి సంజాయిషీ ఇచ్చుకొన్నాడు. మరణానంతరం తీసిన జాబితాలో గృహోపకరణాలు స్వల్పం. పుస్తకాలు మాత్రం సుమారు 130.

శాంతో దొమింగో మఠంలో అతని తొలి టొలేడో చిత్రాలు వెలసినవి; వానిలో ముఖ్యమైనది నేడు చికాగోలో ఉన్నది. అతని సమాధి కూడ ఇచ్చటనే జరిగినది. తరువాత కొడుకు వేరొక చర్చిలో సమాధి స్థలం తీసుకొన్నాడు. ఆ చర్చి కూలిపోయినది. అస్థికలు ఎచ్చటనున్నవో నిశ్చయంగా చెప్పగలవారు లేరు. కీర్తికూడ ఇంచుమించు అట్లే పూడిపోయి, 1908లో కొస్సియో రచించిన గ్రంథంతో వెలికి వచ్చినది.

బిసాగ్రా ద్వారం దాటిన వెంటనే తవేరా వైద్యాలయం, ఈసారి మేఘంపై కాక నేలపైననే. దానికి చిత్రాలు వ్రాయుటకు 1608లో ఒప్పుకొన్నాడు. 1614 ఏప్రిల్ 7న కన్నుమూసేనాటికి అవి పూర్తికాలేదు. కొడుకు చేయివేసి ముగించిన క్రీస్తు జ్ఞానస్నాన చిత్రం ఇప్పటికీ అక్కడ ఉన్నది.